కొత్తలో అలగే ఉంటాది

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం,
16-11-2025, ఆదివారం.

చెల్లెమ్మ నూకాలుకు,

అన్నయ్య తవిటయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వు, అలేఖ్య, దేముడమ్మ అత్త కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని రాయబోయి కలం ఆపాను. నేను ఆసుపత్రి నుంచి వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. గుండెకు రెండు స్టెంట్లు వేశారు. కంగారు పడకు, ప్రాణానికి భయం లేదన్నారు. ఒంట్లో సత్తువ మాత్రం లేదు. పది మెట్లు ఎక్కితే డబుల్ డ్యూటీ చేసినంత అలసట. నాలుగు వరుసలు రాయడం, పడుకోవడం, లేచి మళ్ళీ రాయడం. అందుకే అక్షరాలు ఒకచోట నిటారుగా, ఇంకోచోట వాలిపోయి ఉంటాయి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ నంబరు మూడుసార్లు నొక్కి, రింగవకముందే కట్ చేశాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేను. బాగున్నావా, తిన్నావా అని అడిగి పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

గత నెలలో మీ వదిన రాణికి గాజువాకలో కనబడ్డావట. పరవాడ మందుల కంపెనీలో డ్యూటీ దిగి, అక్కడ పెట్టుకునే టోపీ జాడ నుదుటిమీద ఉండగానే కూరలు ఏరుకుంటున్నావట. బావ పోయి మూడేళ్లయినా అత్త ఇంకా ఆ మాటే అంటోందని చెప్పావట. "నా కొడుకుని తెల్లారగట్ల లెగ్గొట్టి తరిమీసి సంపీసినాది" అని, ఇంటికొచ్చిన గ్యాస్ బండ అబ్బాయికి కూడా చెప్పిందట. అలేఖ్యను బడిలో కబడ్డీ జట్టుకు ఎంచుకుంటే నువ్వు వద్దన్నావట. "పరిగెడితే ఏటవుద్దో నాకు తెలుసొదినా" అన్నావట. రాణి ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక నా సంగతి. బావ పోయాక నేను నడక మానేశాను. స్టీల్ ప్లాంటు మిల్లులో ముప్పై ఏళ్ల షిఫ్టులు, క్యాంటీన్ టీలు, బోండాలు, అన్నీ పొట్టకే చేరాయి. మా అమ్మాయి హరిచందన మధురవాడ ఆఫీసు నుంచి వారానికోసారి వచ్చినప్పుడల్లా నా పొట్ట చూసి ఒకటే నస. చివరికి అక్టోబరులో నన్ను బండెక్కించుకుని తీసుకెళ్లి, మెయిన్ రోడ్డు మీద స్వీట్ల షాపు పైన కొత్తగా పెట్టిన జిమ్ములో చేర్చింది. అక్కడ నేర్పే కుర్రాడి పేరు చింటూ. పాతికేళ్లు కూడా ఉండవు. పలకరింపు మంచిది. కింద నుంచి నేతి వాసన, పైన మా అందరి చెమట వాసన. ఈ యాభై మూడేళ్ల ఒంటితో అద్దాల గదిలో నిలబడితే ఎంత సిగ్గేసిందో.

మొదటి రెండు రోజులూ ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. మూడో రోజు వేగం పెంచాడు. అయిదు నిమిషాలు కాకుండానే గుండెల నడిమధ్య బరువు మొదలైంది. గుచ్చినట్టు కాదు, ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు. అది దవడలోకి పాకింది, ఎడమ చెయ్యి బరువెక్కింది. దిగి కూర్చుంటే కాసేపటికి తగ్గిపోయింది. గ్యాసేమో అనుకున్నాను. ఇంటికెళ్లి రాణికి కూడా చెప్పలేదు. నాలుగో రోజు ఎక్కాను, మళ్ళీ అదే. అప్పుడు చింటూని పిలిచి చెప్పాను.

"కొత్తలో అలగే ఉంటాది అంకుల్. కండ పట్టేసుంటాది. రెండ్రోజులు పోతే అలవాటైపోద్ది, ఆపీకండి" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు భయమేసింది. నొప్పికి కాదు. ఎర్ర బటన్ నొక్కేసి, చెప్పులు చేతపట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. రాణికి ఫోన్ చేసి, "ఆటో తీసుకుని రా, నాకు గుండెల్లో నొప్పిగా ఉన్నాది" అన్నాను. అంతవరకు ఆమెతో అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. రవికె తిరగేసి తొడుక్కుని వచ్చేసింది పాపం.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఆంజియోగ్రామ్ చేశారు. రెండు నాళాలు దాదాపు మూసుకుపోయాయట. డాక్టరు పేరు ఆశాజ్యోతి. నిదానంగా చెప్పే మనిషి. నేను అడిగాను ఆవిడను. నడక వల్ల వచ్చిందా అమ్మా, నడవకుండా ఇంట్లో కూర్చుంటే రాకపోయేదా అని. ఆవిడ ఏమన్నారో మాట పోకుండా రాస్తున్నాను, నువ్వు మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి.

"నాలుగు రోజుల నడకకు నాళాలు మూసుకుపోవండీ. ఇది ఏళ్ల తరబడి లోపల పేరుకున్నది. నడిచినప్పుడు గుండెకు రక్తం ఎక్కువ కావాలి, అందలేదు, అందుకని నొప్పి వచ్చింది. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని గ్యాస్ అనుకోకూడదు. వెంటనే ఆపేసి రావాలి. మీరు వచ్చారు, బతికారు."

చలమయ్య బావకు షుగరుందని, నడవమని డాక్టరే చెప్పాడు. నువ్వు బూట్లు కొన్నావు. పొద్దున్నే లేపి, మంచినీళ్లిచ్చి, నేను బండి మీద వస్తే నాతో గ్రౌండుకి పంపావు. మూడో వారంలో అక్కడే పడిపోయాడు. నువ్వు చేసిన దాంట్లో తప్పు ఏముంది చెల్లెమ్మా? బావ గుండెలో ఏముందో నీకెలా తెలుస్తుంది? అలేఖ్యను ఆడుకోనివ్వు. మనసు ఒప్పుకోకపోతే ఒకసారి డాక్టరుకు చూపించి ఆడుకోనివ్వు.

చింటూ ఆసుపత్రికి వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. మంచం పక్కన నిలబడి, "నాకు తెలీదంకుల్, నిజంగా తెలీదు" అని ఏడ్చాడు. రాణి వాణ్ణి నాలుగు దులుపుదామని చూసింది. నేను ఆపాను. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు రోజుకు పది నిమిషాలు నడవమన్నారు, చదునైన చోట. మా వీధి చివరి దాకా వెళ్లి వస్తున్నాను. రాణి వెనకే వస్తుంది, రానట్టు నటిస్తూ. కూరల్లో ఉప్పు లేదు, ఊరగాయ జాడీ ఎక్కడ దాచిందో తెలియదు. మాత్రలు ఏడు రకాలు. పొద్దంతా వరండాలో కూర్చుని రోడ్డు చూడటమే పని. ఇన్నేళ్లు పనిచేసిన అలసటంతా ఇప్పుడే ఒక్కసారి ఒంట్లోకి దిగినట్టుంది. నిద్ర పడుతుంది గానీ తేలికపడను.

అలేఖ్యకు నా ఆశీస్సులు. అత్తకు నమస్కారాలు.

నీ మేలు కోరే అన్నయ్య,
తవిటయ్య.

తా.క. సంతకం పెట్టి, కాగితం మడిచి, కవరు అంటించి, మళ్ళీ చింపాను. రాయాల్సింది రాయకుండానే అంతా రాశాను.

ఆ రోజు అంబులెన్సు తలుపు పట్టుకుని నువ్వు నన్ను అడిగావు. "అన్నియా, నొప్పని ముందు నీకేటైనా సెప్పేడా?" అని. "లేదమ్మా" అన్నాను. అందరి ముందూ అన్నాను. అత్త కూడా విన్నది.

అబద్ధం. చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

నడక మొదలుపెట్టిన నాలుగో రోజు, "బావా, గుండిమీద ఎవులో కూకున్నట్టుంది, ఆగితే తగ్గతంది" అన్నాడు. "కొత్త కదేటి, అలగే ఉంటాది, అలవాటైపోద్ది" అన్నాను నేను. వారం పోయాక మళ్ళీ అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, భయపడతావని. సరేనన్నాను. ఆఖరి రోజు మూడో రౌండుకే అరుగు మీద కూర్చుండిపోయాడు. "నాను ఇంటికెళ్లిపోతాను బావా" అన్నాడు. నేను నవ్వాను చెల్లెమ్మా. "మీ ఆవిడ బూట్లు కొన్నాది గదా, ఇంకొక్క రౌండు రా" అని చెయ్యి పట్టి లేపాను. సగం దూరం కూడా రాలేదు.

బావ చెప్పాడని చెబితే, మరి నువ్వేం చేశావని అడుగుతారు. అందుకే లేదన్నాను. ఆ తర్వాత అత్త నిన్ను అంటున్నప్పుడల్లా పక్కనే కూర్చుని తల దించుకున్నాను. వినలేక మీ ఇంటికి రావడమే మానేశాను. నువ్వు మూడేళ్లు మోసినది నాది.

ఈ ఉత్తరం అత్తకు పైకి చదివి వినిపించు. ఈ తా.క. రెండుసార్లు చదువు. నేను ముప్పయ్యో తేదీ ఆదివారం పొద్దున్నే పరవాడ వస్తాను. రాణికి నిన్ననే అంతా చెప్పాను, తనూ వస్తానంది. లోపలికి రమ్మనక్కర్లేదు. అత్త ఏమంటే అది గుమ్మం బయట నిలబడి వింటాను.