నీరుకట్టె కాటు

జులై 9, బుధవారం

కుడిచెయ్యి వాచింది. ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు బెదిరిన గొర్రెల్లా తలో దిక్కూ పోతున్నాయి.

నిన్న త్రిపురారంలో, పురాణ కథకు ముందు, కాలువ మెట్ల మీద కాళ్లు కడుక్కుంటుంటే కరిచింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ. విదిలించాను, వదల్లేదు. మళ్లీ విదిలిస్తే మెట్టు మీద పడి, మెడ వెడల్పు చేసి, లేచి నిలబడింది. వెనక నుంచి కేకలు — "పడగ! పడగ ఇప్పిందిరో! నాగుపామే!"

దవాఖానకు పోదామన్నారు. నేను మైకు దగ్గరకు పోయాను.

నిన్నటి ఘట్టం సర్పయాగం. మంటలోకి పాములు వచ్చి పడుతుంటే "స్వాహా" అన్నాను. జనం "స్వాహా" అన్నారు. నెత్తురు ఉత్తరీయం మీద కారుతోంది. అంత గొంతు నాకు ఎన్నడూ లేవలేదు. ఈ మాట తర్వాత పడిపోతాను, ఈ పద్యం తర్వాత పడిపోతాను అనుకుంటూ చెప్పాను.

పడిపోలేదు.

హారతి అయ్యాక కాళ్ల మీద పడ్డారు. నాట్లేసే యాదమ్మ మణికట్టు చాపి దారం కట్టమంది. ఉత్తరీయం అంచు నుంచి పోగు లాగాను. "అది గాదు స్వామీ, నెత్తురంటింది కట్టుండ్రి" అంది. కట్టాను. "ఇగ నాకు పురుగూ పుట్రా భయం లేదు" — ముఖం వెలిగిపోయింది.

భగవంతుడు కాచాడు. రాస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది.

జులై 11, శుక్రవారం

రామనాథం సేటు పొద్దున్నే తన బియ్యం మిల్లు వెనక ఉన్న నా గదికి వచ్చాడు. గది ఆయనదే, మైకు ఆయన కొనిచ్చిందే. చేతిలో ఫ్లెక్సీ నమూనా. నా బొమ్మ, నెత్తి వెనక అయిదు పడగలు.

— పడగలు తీసేయించు సేటూ.
— ఎట్ల తీస్త స్వామీ? అవి ఉన్నందుకే జనమొస్తరు. సూర్యాపేటల నాగుల పంచమి నాడు సభ పెడ్తున్న. హాలు మాట్లాడిన. మీరు ఊకె కూసున్నా సాలు.

ఊరికే కూర్చోవడానికా నేను గొర్రెల వెనక తిరుగుతూ అక్షరం అక్షరం కూడబలుక్కున్నది?

కానీ — కాదనలేదు. పడగలు బాగానే ఉన్నాయి అనిపించింది, ఒక్క క్షణం.

జులై 13, ఆదివారం. కోదాడ

అక్క కూతురు శారద తలుపు తీస్తూనే — "ఓహో, విషం జయించిన స్వామివారు! పాలు పోయాలా, గుడ్డు పెట్టాలా మామా?" ఇంటర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. నాలుక పదును ఎక్కువ.

చెయ్యి వెలుతురులోకి లాగింది. "దువ్వెనతో గీసినట్టుందే." ఎవరో ఫోన్లో తీసిన వీడియో అప్పటికే చూసిందట. మళ్లీ పెట్టింది. ఆపి, బొమ్మ పెద్దది చేసింది.

"ఒంటి మీద గళ్లు చూడు. చదరంగం బల్లలాగా లేదూ? నీరుకట్టె ఇది. కప్పల్నీ చేపల్నీ తిని బతుకుద్ది. విషం లేదు మామా."

— పడగ విప్పింది!

"మెడ పలచన చేసుద్ది, బెదిరించటానికి. పాపం, నిన్ను చూసి ఎంత జడుసుకుందో."

లేచి నిలబడ్డాను. దేవుడి లీలను సీసాలో పెట్టి మూత బిగించేవాళ్లు మీరు, అన్నాను. ఇంకా చాలా అన్నాను. పక్కింటి వాళ్లు తొంగిచూశారు. ఆమె నవ్వడం మానేసింది.

"అరుచుకో మామా, నీ గొంతు నాకేం కొత్త? కానీ ఒకటి విను. ఏ పామైనా సరే, నువ్వు ఆ సాయంత్రమే దవాఖానకు పోవాల్సింది. గాటు చూసి ఎవరూ తీర్పు చెప్పలేరు. నీకు కలిసొచ్చింది. నిన్ను చూసి ఆగిపోయినోళ్లకి?"

టీ తాగాను.

టీ తాగుతుంటే పాఠమే చెప్పింది. మన నీరుకట్టె, వరి గట్ల మీద చారలతో తిరిగే వానకోయిల, ఎక్కడో చలిదేశాల గడ్డిపాము — ఒకప్పుడు వీటన్నిటికీ శాస్త్రంలో ఒకటే ఇంటిపేరట. తర్వాత పొలుసులూ పళ్లూ చూసి వేరు కాపురాలు పెట్టించారట. ఆ ఇంటిపేరు చివరకు చలిదేశం వాటికే మిగిలింది. వాటిని పట్టుకుంటే వెల్లకిలా పడి, నోరు తెరిచి, నాలుక వేలాడేసి చచ్చినట్టు నటిస్తాయట. "మనోళ్లు కరుస్తారు, వాళ్లు చస్తారు. భయం మాత్రం ఒకటే" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి చూసుకున్నాను. దువ్వెన గీతలే.

జులై 14, సోమవారం

గ్రంథం విప్పాను. సర్పయాగానికి ముందు ఒక చిన్న కథ ఉంది. ఎన్నిసార్లు దాటేశానో. మంట లేదు, స్వాహా లేదు, జనం ఊగరు.

ఒక ముని కుమారుడు. కాబోయే భార్యను పాము కరిస్తే తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకుంటాడు. అప్పటి నుంచి కర్ర పట్టుకుని కనబడిన పామునల్లా చంపుతూ పోతాడు. ఒకచోట ముసలి నీటిపాము. కర్ర ఎత్తుతాడు. అది అడుగుతుంది — కరిచేవి వేరే ఉన్నాయి కదా, వాటి పేరు మోస్తున్నందుకు నన్నెందుకు కొడతావని.

అతను కర్ర దించాడు.

నా గ్రంథంలోనే ఉంది. ఎర్రగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇంకొకటి. నేను గొర్రెలు కాసినవాణ్ని. పిల్లవాడిగా పెద్దవూర వైపు కుంటల్లో నీరుకట్టెలను తోక పట్టి తిప్పినవాణ్ని. మెట్టు మీద అది లేచి నిలబడినప్పుడు గళ్లు నాకు కనబడలేదా?

… రాయలేను ఇవాళ.

జులై 15

కనబడ్డాయి.

జులై 16, బుధవారం. త్రిపురారం

చెప్పేయాలని పోయాను.

కాలువ గట్టు మీద వరసగా చచ్చిన పాములు. నా కథ విన్నాక కర్రలు పట్టారట. "మీ యాగం నడుస్తనే ఉన్నది స్వామీ" — ఒక ముసలాయన గర్వంగా చూపించాడు. వంగి చూశాను. గళ్లవి. చారలవి. నీరుకట్టెలు, వానకోయిలలు. విషమున్నది ఒక్కటీ లేదు.

పక్కన చేపల వలలో ఒకటి ప్రాణంతో ఉంది. ఎటు గుంజుకుంటే అటు దారం ఒంట్లోకి దిగుతోంది. అదే సమయం అనుకున్నాను. అందరినీ పిలిచాను. కత్తి అడిగి తీసుకున్నాను.

"ఇనుండ్రి! నన్ను కరిసింది గిసొంటిదే. నీరుకట్టె. ఇషం లేదు. నాల ఏ మహిమా లేదు. సూడుండ్రి!" — అని వల కోస్తూ కోస్తూ ఉన్నాను, పాము ఎడమచెయ్యి కరిచేసింది. నెత్తురు. పట్టించుకోకుండా చివరి దారం కోసి నీళ్లలోకి వదిలాను. చెయ్యి పైకెత్తాను.

"సూసిన్రా? ఏమన్న అయిందా నాకు?"

"కాలే!" అన్నారంతా ఒక్క గొంతుతో. యాదమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. "రెండో సారి గూడ ఏం కాలే! నాగన్న తనంతట తనే వొచ్చి ముట్టిపోయిండు!"

— నేను చెప్పేది వేరే! విషమే లేదంటున్న!

ముసలాయన చేతులు జోడించాడు. "పెద్దోళ్లు గిట్లనే చెప్తరు. తన గొప్ప తనెందుకు చెప్పుకుంటడు?"

ఉత్తరీయం అంచు నుంచి పోగులన్నీ లాక్కున్నారు. సగం గుడ్డతో ఇంటికొచ్చాను.

జులై 17

సేటుకు అంతా చెప్పాను. సుపారీ కొరుకుతూ విన్నాడు.

"నీరుకట్టెనో నాగుపామో నాకెరుకలేదు స్వామీ. మీరు కాదన్నకొద్దీ జనం పెరుగుతున్నరు. సూర్యాపేటల గూడ గదే చెప్పుండ్రి. మంచిగుంటది."

జులై 20, ఆదివారం

పొద్దు గుంకే వేళ ఆటో. అందులో యాదమ్మ మొగుడు సైదులు. గడ్డిమోపు ఎత్తుతుంటే రక్తపింజర. పాదం నల్లబడి ఉబ్బింది. దవాఖాన దాటుకుని వచ్చి నా గది ముందు ఆపారు. దవాఖాన దాటుకుని!

— ఒక్కసారి ముట్టుండ్రి స్వామీ, చాలు.

అరిచాను. నాతో కాదన్నాను. కొట్టినంత పని చేశాను. యాదమ్మ కదల్లేదు. మణికట్టు దారం చూపించి, "నాకు మీరున్నరు. ఆయనకూ ఉంటరు" అంది. సైదులు చిగుళ్ల నుంచి నెత్తురు మొదలైంది.

అప్పుడు ఆటోలోకి దూకాను. "నేను మంత్రమేసేది దవాఖాన గడపలనే! నడువుండ్రి!"

ఆటో ఎగిరింది. నిజం చెబితే కదలనివాళ్లు అబద్ధానికి పరుగెత్తారు.

జులై 21

సూది మందు ఎక్కుతోంది. సీసా తర్వాత సీసా. డాక్టరు కసురుకున్నాడు — "ఇంకాస్త లేటయితే కిడ్నీలు ఖతం. గింతసేపు ఎటు పోయిండ్రు?"

అందరూ నావైపు ప్రేమగా చూశారు. ఆ ప్రేమ… తల దించుకున్నాను. తల దించుకుంటే జపం అనుకున్నారు.

జులై 23

సైదులు లేచి గంజి తాగాడు. భగవంతుడా. ఇది మాత్రం నీదే. ఆ సూదిది.

వార్డులో అప్పుడే కథ పుట్టింది — స్వామి సూదిల దూరిండట.

జులై 24, గురువారం

ఫోన్లో శారద. అంతా చెప్పాను. ఎగతాళి చేయలేదు. "మాటతో కాకపోతే చేత్తో ఏదన్నా చెయ్యి మామా. పొలంలో కాలికి చెప్పుంటే, చేతిలో కర్రుంటే సగం కాట్లు ఉండవు."

బజారుకు పోయి యాదమ్మకు మడమ మూసే గట్టి చెప్పులు కొన్నాను. వార్డు బయట ఇచ్చాను. దారం విప్పి నాకియ్యి, ఇవి వేసుకో అన్నాను.

"దారం ఇయ్య స్వామీ" అంది. చెప్పులు మాత్రం రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది.

జులై 26, శనివారం

గొంతు పోయిందని సేటుకు సైగ చేశాను. మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. నోరు తెరిచి, కళ్లు మూసి. శారద చెప్పిన చలిదేశపు గడ్డిపాము గుర్తొచ్చింది. అదీ ఇలాగే చేస్తుందట, పట్టుకున్నవాడు వదిలేసి పోతాడట.

సేటు వదల్లేదు. తేనె పంపాడు, మిరియాలు పంపాడు. సాయంత్రానికి మిల్లు గేటు మీద బోర్డు — స్వామివారు మౌనదీక్షలో ఉన్నారు.

కిటికీ అవతల బస్తాలు మోసేవాళ్లు గుసగుసగా నడుస్తున్నారు. లారీ డ్రైవరు హారన్ కొట్టబోతే ఎవరో తిట్టారు.

జులై 27

పారిపోతే? తమ్ముడు మందతో పెద్దవూర వైపు ఉన్నాడు. గొంగడి కప్పుకుని గొర్రెల వెనక… ఎవరు గుర్తుపడతారు?

ఫ్లెక్సీ అక్కడ కూడా కట్టారట. తమ్ముడే ఫోన్లో చెప్పాడు. సంబరంగా.

జులై 28, సోమవారం. త్రిపురారం

సైదులును ఇంటికి పంపారు. చూడ్డానికి పోయాను. అరుగు మీద కూర్చున్నాడు, కాలు కట్టు ఇంకా ఉంది. "మీరు లేకుంటే సచ్చిపోతుంటి." — మందు లేకుంటే, అన్నాను. "గదే, మీ మందు."

యాదమ్మ ఏది? నాట్లకు పోయిందన్నాడు. చెప్పులేసుకుందా?

"చెప్పులా!" సైదులు నాలుక కరుచుకున్నాడు. లోపలికి చూపించాడు.

దేవుడి గూట్లో ఉన్నాయి. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముందర దీపం. పాదుకలట.

పొలం దాకా పోయాను. మోకాలి లోతు బురదలో వంగి ఉంది. అక్కడ సరే, గట్టు మీద మోకాలెత్తు గడ్డిలోనూ వట్టి కాళ్లే. ముందుగా కర్రతో తట్టి చూడాలి కదా — తట్టదు. నారుకట్ట కోసం చెయ్యి నేరుగా ఆ గడ్డిలో పెట్టేస్తుంది. ఇదివరకు కర్ర ఉండేదట. పక్కావిడ చెప్పింది. దారం కట్టుకున్నప్పటి నుంచి మానేసిందట.

"యాదమ్మా!"

తలెత్తి నవ్వింది. "సూడుండ్రి స్వామీ, నాకు జర గూడ భయమైతలేదు."

ఆమెకు ఉన్న ఒక్క రక్షణ ఆ భయం. దాన్ని నేను తీసేశాను.

జులై 29, మంగళవారం. నాగుల పంచమి. సూర్యాపేట

స్టేజీ వెనక గది. ఫ్యాను తిరగదు. గోడ అవతల జనం, చెరకు మిల్లు పెట్టినట్టు ఒకటే హోరు. సేటు మైకులో నా రెండు కాట్ల కథ చెబుతున్నాడు. మూడు చేశాడు.

నిజం చెబితే వినయం. నోరు మూస్తే మౌనదీక్ష. దవాఖానకు తీసుకుపోతే మహిమ. ఏ వైపు గుంజుకుంటే ఆ వైపు బిగుస్తోంది.

గ్రంథం ఒళ్లో ఉంది. ఆ చిన్న కథ దగ్గర తెరిచే ఉంది. ఇవాళ అదే చెబుతాను, యాగం కాదు. కర్ర దించినవాడి కథ. కానీ కథకు ఏడుస్తారు, దండం పెడతారు, రేపు వట్టి కాళ్లతో పొలం పోతారు. తెలుసు.

ఇప్పుడే యాదమ్మ తొంగిచూసింది. త్రిపురారం వాళ్లంతా డీసీఎం వ్యానులో వచ్చారట. నెత్తి మీద పళ్లెం. పళ్లెంలో ఆ చెప్పులు, కొత్త దండతో.

— ఒక్కసారి పాదం పెట్టియ్యుండ్రి స్వామీ, స్టేజీ మీద. మా ఊరోళ్లందరు సూస్తరు.

వాటిని తీసుకున్నాను. ముందు వరసలో కూర్చోమన్నాను. పరుగెత్తింది. సిమెంటు నేల మీద తడి పాదాల గుర్తులు. మడమ దగ్గర పగుళ్లు కూడా పడ్డాయి ఆ గుర్తుల్లో.

దండ తీసేశాను. కుంకుమ పంచెతో తుడిచాను. మామూలు చెప్పులు. లోపల బజారు ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

శారద ఫోన్ చేసింది. సభకే వస్తోంది, మునగాల దాటిందట బస్సు. "ఏం చేస్తావు మామా?" చెప్పాను. "ఆమె ఒప్పుకోదు" అంది. "నువ్వు కాళ్లు పట్టుకుంటే కళ్లు తిరిగి పడుద్ది."

పడనీ.

మైకు పట్టుకోను. స్టేజీ ఎక్కను. దిగుతాను. జనం మధ్యలోకి, ముందు వరసలోకి, ఆమె ముందు నేల మీద కూర్చుంటాను. అందరూ చూస్తుండగా ఈ చెప్పులు ఆమె కాళ్లకు తొడుగుతాను. దారం నా పళ్లతో కొరికి తెంపుతాను. ఏమంటారో. ఇంకా పెద్ద దేవుణ్ని చేస్తారో, పిచ్చిపట్టిందంటారో.

పిచ్చివాడంటే బాగుండు. పిచ్చివాడి దారం ఎవరూ కట్టుకోరు.

పేరు పిలుస్తున్నారు. రెండోసారి.

చెప్పులు చంకలో పెట్టుకున్నాను, గ్రంథం ఉండే చోట. తలుపు సందులోంచి కనబడుతోంది — కుర్చీలో కూర్చోలేదు, నేల మీదే కూర్చుంది. పాదాలు చీర కుచ్చిళ్ల కిందకు లాక్కుని.

ఆ పాదాలు ఇవతలికి పెడుతుందా —