ఒక్క 'మీది'తో పోయిన మ్యాచ్

యాప్రాల్, సికింద్రాబాద్
శుక్రవారం మధ్యాహ్నం

నాన్నగారికి వందనాలు.

ప్రభువు దయవల్ల మీరు, అమ్మ, చెల్లి బాగున్నారని తలుస్తాను. అమ్మ షుగరు పరీక్ష చేయించుకుందా? నా ఒంటికి ఏ లోటూ లేదు, మనసే బాగాలేదు. ఫోన్లో చెబుదామంటే అమ్మ మధ్యలో ఫోను లాక్కుని "తిన్నావా, తిన్నావా" అంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. తింటున్నానని చెప్పండి. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటోంది గానీ తింటున్నాను.

మొన్న ఓడిపోయాం నాన్నగారూ. అది కూడా గెలిచేసిన మ్యాచ్. రెండు రోజులైంది, ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది.

మన ఒప్పందం నేను మరిచిపోలేదు. ఈ సీజన్లో డబుల్స్‌లో ఒక్క మ్యాచ్ గెలవాలి, ర్యాంకింగ్ పట్టికలో నా పేరు కనబడాలి. లేదంటే బందరు వచ్చేసి మీ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాలి. పట్టిక అట్టడుగున ఉన్నా చాలు, పేరంటూ ఉండాలి. దానికి మొదటి రౌండు గెలిస్తే సరిపోయేది.

డబుల్స్ వాళ్ళంటే ఇక్కడ ఎంత చులకనో మీకు తెలియదు. సింగిల్స్ వాళ్ళకు మంచి కోర్టు, గొడుగు, ఐసు. మమ్మల్ని చివరి కోర్టుకు తోసేశారు. పొద్దున పదకొండు అన్నారు, పన్నెండున్నర అన్నారు, వాన పడిందన్నారు, చివరికి నాలుగింటికి పిలిచారు. చూసేవాళ్ళు ఇద్దరే. ఒకరు నా జోడీ ఆటగాడి భార్య, ఇంకొకాయన నీడ కోసం వచ్చి కూర్చున్నాడు. సైనిక్‌పురిలో నేను పొద్దున్నే టెన్నిస్ నేర్పే పిల్లల తల్లులు కూడా "సింగిల్స్ ఆడరా సార్?" అని జాలిగా అడుగుతారు. ఎంతమందికని చెప్పను?

నర్సింగ్ అన్న నా జోడీ. మౌలాలి రైల్వే కాలనీలో ఉంటారు, రైల్వేలో గుమాస్తా. ముప్పై ఆరేళ్ళు, కుడి మోకాలు అరిగిపోయింది, అయినా ఆయన కొట్టిన సర్వీసు నాకే కనబడదు. మొదటి రోజే ఆయన నాకు మూడు మాటలు నేర్పారు. "నాది అంటే నేను కొడ్త. నీది అంటే నువ్వు కొట్టు. మీదికి అంటే బాల్ మీదికెళ్ళి బయటికి పోతది, ముట్టకు. గంతే. కోర్టుల మీరు గీరు వద్దు తమ్మీ, నీది అను."

ఇది చదివి మీరు నవ్వుతారేమో గానీ, నాకు ఆ 'నీది' రావడానికి ఆరు వారాలు పట్టింది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దాయనను పట్టుకుని ఎలా అనను? ఏడేళ్ళప్పుడు చర్చి గేటు దగ్గర రిక్షా తాతను 'నువ్వు' అన్నానని ఆరాధన అయ్యేదాకా మీరు నన్ను బయట నిలబెట్టారు. ఆ ఎండ నాకింకా గుర్తే. రూములో గోడకేసి "నీది, నీది" అని అరుస్తుంటే పక్కింటావిడ వచ్చి ఏం పోయిందని అడిగింది. అలా సాధన చేసి చేసి పట్టేశాననుకున్నాను.

మొన్న చెరో సెట్టు అయింది. ఇక పది పాయింట్ల టైబ్రేక్, అదీ రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. మాకు తొమ్మిది, వాళ్ళకు ఎనిమిది. ఒక్క పాయింటు, నాన్నగారూ! నేను నెట్ దగ్గరున్నాను, అన్న వెనకున్నారు. అవతలివాడికి దిక్కుతోచక బంతిని నా తల మీదుగా పైకి లేపాడు. తేలిక బంతి. అన్న నిద్రలో కూడా కొడతారు. నేను వెనక్కి తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"మీది!"

ఆరు వారాల సాధన ఎటు పోయిందో తెలియదు. నోట్లోంచి మర్యాద వచ్చేసింది. అన్న దాన్ని 'మీదికి' అనుకుని రాకెట్టు దించేశారు. బంతి గీతకు జానెడు లోపల పడింది. తర్వాత రెండు బంతులకూ ఇద్దరం నోరు విప్పలేదు. ఒకటి నేను నెట్‌కు కొట్టాను, రెండోది మా మధ్యలోంచే పోయింది.

"ఏంది తమ్మీ, మీదికి అంటివి గద!" అన్నారు అన్న.

"మీదికి కాదన్నా, మీది. మీది అంటే... మీదే."

ఆయన రాకెట్టు సంచిలో పెట్టేశారు. "మర్యాదిచ్చి మ్యాచ్ ఇచ్చినవ్," అన్నారు. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. కోపం ఎవరి మీదో తేలడం లేదు. నా మీద కాసేపు, ఆ బంతి మీద కాసేపు, క్షమించండి, మీ మీద కూడా కాసేపు వచ్చింది.

సీజన్లో ఇంకొక్క టోర్నమెంటే మిగిలింది, వచ్చే వారం ఇక్కడే. అన్న మోకాలికి అదే ఆఖరిదట. నన్ను బండి మీద దింపుతూ ఆయన తేల్చి చెప్పారు: "నాతోని ఆడాల్నంటే మీరు అనుడు బంద్ చెయ్. ఇంట్ల నా పెండ్లాం సుత నన్ను మీరు అనది. నువ్వు అందరికన్న ఎక్కువ ఎవరికి భయపడ్తవ్? పోయి జెర ఆయన్ని ఒక్కపారి నువ్వు అను. గది నోటికొస్తే కోర్టుల అన్నీ వస్తయ్."

ఆయన మోకాలికి నా పాత పట్టీ పనికొస్తుంది. బీరువా కింది అరలో ఉంది, అమ్మ చేసే కారప్పొడితో పాటు పంపండి. అమ్మకు, నానమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు. రాత్రి ప్రార్థనలో మా ఇద్దరినీ తలుచుకోండి, మోకాలిని విడిగా తలుచుకోండి.

అన్న చెప్పిన పని ఫోన్లో చేసే ధైర్యం నాకు లేదు. కాగితం మీద ఒక్కసారి చేస్తాను. గేటు బయట నిలబెట్టడానికి నేనిప్పుడు దూరంగా ఉన్నాను.

నాన్నా, నువ్వు ఆ స్కూలు వాళ్ళను ఇంకొక్క వారం ఆగమని చెప్పు.

మీ కుమారుడు,
ఆనంద్