గుప్పెడు ఇంజను

నోరు తెరిస్తే వంకలు తప్ప మరొకటి రాలని మా బావకి,

ఉత్తరం చూసి, వీడికేం పోయేకాలం వచ్చింది, ఫోను చెయ్యొచ్చుగా అనుకుంటావు. ఫోనులో అయితే నీ చెల్లెలు వంటగదిలోంచే సగం మాటలు వినేసి, మిగతా సగం తనే అల్లేసుకుంటుంది. నా పెళ్లాం వినకూడని మాట ఒకటి నీకు చెప్పాలి. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే చెబుతున్నాను, ఈ ఒక్కటి మాత్రం నానబెట్టు. మా అక్కకి కూడా చెప్పకు.

ముందు నవ్వుకునే సంగతి. నెలన్నరగా నేను మన కార్ల షెడ్డుకి వెళ్లడం లేదని నీకు తెలుసు. ఇంట్లో కూర్చుని కుర్చీలు అరగదీస్తున్నానని నీ మేనకోడలు ఒక పెట్టె తెచ్చి ఇచ్చింది. బొమ్మ కారు ఇంజను. ప్లాస్టిక్ ముక్కలుగా వస్తుంది. మనమే కోసి, అరగదీసి, అతికించి, రంగులు వేసి అసలుదానిలా తయారుచెయ్యాలి. అసలులో ఎనిమిదో వంతు, గుప్పెట్లో పడుతుంది. ఏ ఇంజననుకున్నావు? మనిద్దరం షెడ్డు తెరిచిన కొత్తలో రోజూ విప్పి బిగించిన ఆ నాలుగు సిలిండర్లదే. "నాన్నా, నువ్వు కళ్లు మూసుకుని చేసేస్తావు" అంది పిల్ల. నిజంగా కళ్లు మూసుకుని చేసినట్టే ఉంది నా పని. మొదటిరోజు ఫ్యాను ఇంజనుకి కాకుండా నా బొటనవేలికి అతుక్కుంది. ముక్కల్ని సబ్బునీళ్లలో కడిగాకే రంగు వెయ్యాలట, లేకపోతే పట్టదట. ఇంజనుకి స్నానమేమిటి, మనం పుట్టినప్పటినుంచీ దానికి నూనే కదా పోశాం అని నేను కడగలేదు. మర్నాడు రంగంతా పొరలు పొరలుగా లేచి చేతికొచ్చింది. మళ్లీ మొదటికి వచ్చి, టీ వడకట్టే జల్లెడలో వేసి కడిగాను. నీ చెల్లెలు ఆ జల్లెడని నా నెత్తిన బోర్లించడం ఒక్కటే తక్కువ. ముప్పై ఏళ్లు పానా తిప్పిన చెయ్యి పట్కారు పట్టలేకపోతోంది బావా. ఆవగింజంత బోల్టు జారిపడితే, నీ చెల్లెలూ నేనూ నేలమీద బోర్లా పడుకుని వెతికితే చీపురు కట్టలో దొరికింది.

ఇప్పుడు అసలు మాట. టీచరమ్మ కారు సంగతి నీకు సగమే తెలుసు. ముందు చక్రం నట్లు నేను వేళ్లతో తిప్పి వదిలేశాను, పానాతో బిగించలేదు. ఆవిడ వీధి మలుపు దాటేసరికి చక్రం ఊగిపోయింది. దేవుడి దయవల్ల మెల్లగా వెళుతోంది కాబట్టి ఆపుకోగలిగింది. కళ్లు మసకబారాయి, బిగించినట్టే కనిపించింది అని అందరికీ చెప్పాను. పిల్ల నమ్మి నాకు కళ్లజోడు చేయించింది. నా కళ్లు బాగానే ఉన్నాయి బావా. ఆ చక్రం నేను పెట్టినట్టే నాకు గుర్తులేదు. ఇప్పటికీ లేదు. దానికి ముందు కూడా రెండుసార్లు, పానా చేతిలో పట్టుకుని కారు ముందు నిలబడి, ఏం చెయ్యడానికి వచ్చానో తెలియక, ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుపడి ఊరికే బానెట్ తుడిచాను. ఇది ఎవరికీ చెప్పలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తిరుగుతున్నాను. భయంగా ఉంది, అంతకన్నా వేరే మాట దొరకడం లేదు.

ఇప్పుడు షెడ్డు నడుపుతున్న పిల్లేమో, "కళ్లజోడు వచ్చేసింది కదా, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్. బ్రేకుల పని నువ్వు చూస్తేనే నాకు ధైర్యం" అంటోంది. బ్రేకులు, బావా. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళతారు జనం. రానని ఎలా చెప్పాలో తెలియడం లేదు, వస్తానని ఎలా చెప్పాలో అంతకన్నా తెలియడం లేదు. అందుకే నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. పెట్టెలో వచ్చిన కాగితాన్ని, ఏది ఎక్కడ అతికించాలో బొమ్మలు వేసి ఉంటుంది, దాన్ని నీ చెల్లెలికిచ్చి బీరువాలో పెట్టి తాళం వేయించాను. అది చూడకుండా ఈ ఇంజను పూర్తిచేస్తే షెడ్డుకి వెళతాను. చెయ్యలేకపోతే ఏం చేస్తానో ఇంకా ఆలోచించలేదు. ఆలోచించడానికి ధైర్యం చాలడం లేదు.

నీ
బామ్మర్ది


బావగారి దివ్యసముఖానికి,

అయిపోయింది! ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని పొడిచాడని నవ్వుతావు. నవ్వు, ఫరవాలేదు. ఈ ఉత్తరంతోపాటు అట్టపెట్టె ఒకటి వస్తుంది. చుట్టూ దూది కుక్కాను, మెల్లగా విప్పు.

చూడు, పెట్టెలో ఇచ్చినదంతా నున్నగా, కొత్త పెళ్లికొడుకులా ఉండేది. మన షెడ్డుకి అలాంటి ఇంజను ఎప్పుడైనా వచ్చిందా? నల్లరంగుని నీళ్లలా పల్చగా చేసి ప్రతి సందులోకీ పారించి, పైపైన గుడ్డతో తుడిచేశాను. సందుల్లో మాత్రం మసి మిగిలింది. పొగ గొట్టానికి ఇటుకపొడి అద్దాను, తుప్పు పట్టినట్టే వచ్చింది. హెడ్డు మీది మూత వెనక మూల నుంచి నూనె కారేది గుర్తుందా, ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆగక నువ్వు దాని తల్లినీ తండ్రినీ తిట్టేవాడివి? అది కూడా దించాను. ఆ మరక ఆరేదాకా గాలికి తలుపు కొట్టుకుంటుందేమోనని కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఇక ప్లగ్గు వైర్లు. అవి పెట్టెలో ఇవ్వలేదు, నా సొంత తెలివి. పాడైన చార్జరు తీగని చీల్చి, గుండుసూదితో డిస్ట్రిబ్యూటర్ మూతకి కన్నాలు పెట్టి, నాలుగు ప్లగ్గులకీ నాలుగు వైర్లు లాగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, బడిపిల్లలు నిలబడ్డట్టు, ఎక్కడా ఒకదానిమీదికి ఒకటి ఎక్కకుండా. అసలు ఇంజనులో కూడా ఎప్పుడూ అంత శుభ్రంగా కూర్చోలేదు. ఈ ఒక్క పనికి నాలుగు రోజులు పట్టింది. అయినా కాగితం చూడలేదు బావా, ఒట్టు.

నీ చెల్లెలు చూసి, "ఇంత ఓపిక నా మీద ఒక్కరోజు చూపించారా" అంది. అంటే నచ్చిందని. నీ కోడలికి ఇంకా చూపించలేదు. రెండు వీధుల అవతలి నుంచి సాయంత్రాలు వచ్చినప్పుడల్లా మంచం కింద దాచేశాను. మొదట నువ్వే చూడాలి. ఇన్నేళ్లలో నా చేతి పనిని ఒక్కసారైనా బాగుందన్నావా? నట్టు ఎక్కువ బిగించావనో, గుడ్డ అక్కడే మరిచావనో ఏదో ఒకటి అనకుండా ఏ కారునీ గేటు దాటనివ్వలేదు. అందుకే నిన్ను నమ్ముతున్నాను. ఒకటో తారీఖు వచ్చే సోమవారం. నువ్వు చూసి సరేనంటే షెడ్డుకి వెళతాను, కాదంటే మానేస్తాను. బొమ్మ పంపించి పెద్ద బరువే పెట్టానని తెలుసు. ఇంకెవర్ని అడగను?

పరీక్ష రాసి కూర్చున్న
నీ బామ్మర్ది


బావా,

నీ ఉత్తరం, నువ్వు తిప్పి పంపిన పెట్టె శనివారం అందాయి. "ఒక్క వంక కూడా లేదురా. బ్రహ్మాండం. ఇంత పనితనం ఉన్నవాడివి, ఇంకా ఆ మసిలో చేతులు పెట్టడమెందుకు? ఇంట్లోనే కూర్చుని ఇలాంటివి చేసుకో" అని రాశావు. మొదటిసారి చదివి ఎగిరి గంతేశాను. నీ చెల్లెలికి గట్టిగా చదివి వినిపించాను. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయాను. మా బావ వంక పెట్టలేదేమిటి? ఇంత బాగుంటే షెడ్డుకి వద్దంటాడేమిటి?

అప్పుడు ఇంజనుని కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. తప్పు ఉందని నీ మెప్పు చెబుతోంది. ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. భోజనానికి పిలిస్తే రానన్నాను. ఒక్కో ముక్కనీ వేలితో తడిమాను. అంతా సరిగ్గానే ఉంది. ఆ కూర్చోవడం మాత్రం నీకు చెప్పలేను బావా. ఇల్లంతా నాకు తెలిసిన ఇల్లే, చేతిలో ఉన్నది ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన ఇంజనే, అందులో తప్పు పట్టుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

చివరికి దాన్ని రుమాల్లో చుట్టుకుని షెడ్డుకి వెళ్లి నీ కోడలి చేతిలో పెట్టాను. కారు కిందనుంచి లేచి వచ్చి, అరచేతిలో పెట్టుకుని, నూనె మరక చూసి పకపకా నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది.

"నాన్నా, ఈ వైర్లు ఎవరు పెట్టారు?"

"నేనే."

"వేళాకోళానికి పెట్టావా?"

అది నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "ఒకటి, మూడు, నాలుగు, రెండు కదా నాన్నా" అంది.

సిలిండర్లు వరసలో మండవని, ఒకటి తరవాత మూడు, ఆ తరవాత నాలుగు, చివరికి రెండు మండుతాయని, వైర్లు అలా కాకుండా పెడితే ఇంజను దగ్గి చస్తుందే తప్ప లేవదని నీకు నేను చెప్పాలా? షెడ్డులో మొదటి వారమే నేర్చుకునే సంగతి. ఈ పిల్లకి అంకెలు రాకముందే దాన్ని పాటలా నేర్పించాను. బళ్లో ఒకటి, మూడు, నాలుగు, రెండు అని లెక్కపెడితే, మీ అమ్మాయికి లెక్కలు రావని కబురు పంపించారు. ఆ పిల్ల నోట విన్నాక కూడా, అవునుకదా అని నాకు అనిపించలేదు బావా. ఎప్పుడో ఎవరో చెప్పిన మాటలా ఉంది.

అక్కడే అంతా చెప్పేశాను. చక్రం సంగతి, కళ్లజోడు అబద్ధం, బానెట్ తుడవడం. అది ఏడవలేదు. గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకుంది, శుభ్రమైన వేళ్లని కూడా మళ్లీ తుడుచుకుంది. "టీచరమ్మ కారు నేను కూడా చూసుకోవాల్సింది" అంది. తప్పు తన మీద వేసుకుంటోంది. నా పానాల పెట్టె తాళంచెవి తీసి ఇచ్చాను. వద్దనలేదు. వద్దంటుందని లోపల ఎక్కడో ఆశపడ్డాను.

ఇంట్లో చెబితే నీ చెల్లెలు పొయ్యి కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ కాగితం బీరువాలో పెట్టమని నాకు నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ సరేనన్నాను" అంది. అంతే. గురువారం ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాం. ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలుసు, ఏం చెయ్యలేదో కూడా తెలుసు.

నిన్న పిల్ల చీటీ మీద ఆ నాలుగు అంకెలూ రాసి ఇచ్చింది. వైర్లు పీకి మళ్లీ పెడుతున్నాను. రెండు పెట్టేసరికి చీటీ నాలుగుసార్లు చూడాల్సి వచ్చింది. మిగతావి రేపు పెడతాను.

నీ మీద కోపం లేదు. పెట్టె విప్పి ఆ వైర్లు చూసినప్పుడు నువ్వెలా కూర్చుండిపోయి ఉంటావో ఊహించగలను. మా అక్క ఏమైందని అడిగితే ఏం చెప్పావో కూడా. నిజం రాయడానికి చెయ్యి రాలేదు, నన్ను బ్రేకుల దగ్గరికి పంపడానికి మనసు రాలేదు. నీ స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ని. కానీ ఇకమీద అలా చెయ్యకు. నేను తప్పు చేస్తే ఎప్పటిలాగే మొహం మీద తిట్టు, సిగ్గులేదట్రా అను. నువ్వు అబద్ధం చెప్పావని ఈసారి పట్టుకోగలిగాను. వచ్చేసారి నమ్మేస్తాను బావా.

నీ
బామ్మర్ది