టైటాన్ నేల మీద వెలుగు

జనవరి 9, శుక్రవారం.

గ్రేస్ మేడం గారూ,

ఈ ఉదయం జగ్గయ్యపేటలో బస్సెక్కేసరికి పొగమంచులో సూర్యుడు కనిపించలేదు. అయినా టికెట్ మీద అక్షరాలు చక్కగా చదవగలిగాను. అదే ఆశ్చర్యం.

శనిగ్రహపు చందమామ టైటాన్‌ను కమ్మిన మసకలో ఎండ ఎలా ప్రయాణిస్తుందో కంప్యూటర్‌తో లెక్క కట్టిస్తున్నాను. (మసక! పలికితేనే కళ్ళు సగం మూసుకుంటాయి.) ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిపినా టైటాన్ నేల నల్లగానే వచ్చేది. మీరు మమ్మల్ని విడిచి వెళ్ళిపోయి రేపటికి ఏడాది, రేపే ఈ ప్రోగ్రాంని జూనియర్లకు చూపించాలి.

నందిగామ చేరేలోపు తప్పు దొరికింది. మసక రేణువుకు తగిలి పక్కకు మళ్ళిన ప్రతి కిరణాన్నీ పోయినట్టే లెక్కేశాను. క్లాసులో గ్లాసు నీళ్ళలో పాలచుక్క వేసి, టార్చి పట్టి మీరన్న మాట గుర్తొచ్చింది: "పక్కకెళ్తే పోయినట్టు కాదమ్మాయ్. దాని వెనకాలే వెళ్ళి చూడు."

ల్యాబ్‌లో అలాగే ప్రోగ్రాం మార్చాను. మధ్యాహ్నానికి టైటాన్ నేల నారింజ రంగులో తేలింది. పక్కనున్న సల్మా తొంగిచూసి, "ఏంటే, మీ చందమామకి కరెంటొచ్చిందా?" అంది.

మీరుంటే ఇంకోసారి నడపమనేవారు. నడిపాను. మళ్ళీ అదే వెలుగు.

రేపు పొద్దున్నే అమ్మ పాలు కాచకముందే చిన్న సీసాలో కొన్ని పోసుకుని మొదటి బస్సెక్కుతాను. కంప్యూటర్ తెరిచే ముందు జూనియర్ల చేత టార్చి పట్టిస్తాను.