ఆయాసం సంఘం చరిత్రలో రాయని పేజీ

ఏప్రిల్ 9, బుధవారం
మధ్యాహ్నం, కొట్లోంచి

ప్రియమైన అక్కకు,

నీ దర్జీ చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు, అందుకే ఆ మాట అడగను.

మూడేళ్లుగా నీకు ఉత్తరం రాయలేదనుకుంటున్నావేమో. నాలుగు రాశాను. నాలుగూ చింపి గుడ్డముక్కల బుట్టలో వేశాను.

పోయిన వారం మీ అమ్మాయి ఏదో పనిమీద ఈ ఊరొచ్చి, కొట్లోకి తొంగిచూసింది. లోపలికి రమ్మంటే వచ్చి స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలోనే పెట్టుకుని, "పిన్నీ, అమ్మ ఉద్యోగం మానేసింది" అంది. ఇరవై ఆరేళ్లు నర్సుగా ఇంజెక్షన్లు చేసిన చెయ్యి సూది పట్టుకుంటే వణుకుతోందట కదా. బీపీ మిషన్ ఒళ్లో పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటున్నావట. తిండి పెడితే రెండు ముద్దలు తిని లేచిపోతున్నావట. "నాన్నని నేనే చంపాను అంటుంది పిన్నీ, ఎంత చెప్పినా వినదు, నాకు భయంగా ఉంది" అని ఏడ్చింది. అప్పుడు నేనొక ప్యాంటు కత్తిరిస్తున్నాను. ఒక కాలు జానెడు పొట్టిగా తెగిపోయింది. అమ్మకు ఉత్తరం రాస్తానని చెప్పి పంపించాను.

అదే వారం గడియారాల మేస్త్రి కూడా వచ్చాడు. కొత్తగా చేరినవాళ్లకు మన పరుగుల సంఘం ఎలా మొదలైందో తెలియడం లేదట, చరిత్ర రాసిపెట్టమ్మా అని కాగితాలు ఇచ్చి వెళ్లాడు. మొదటి తొమ్మిదేళ్లూ హాయిగా రాసుకుపోయాను. పదో ఏడు దగ్గర కలం ఆగిపోయింది. నీకైతే రాయగలనేమోనని ఇలా మొదలుపెట్టాను.

అసలు ఈ సంఘం నా షుగర్ వల్ల పుట్టింది కదక్కా. ఆస్పత్రిలో నా రిపోర్టు చూసి చడామడా తిట్టావు. రోజంతా మిషన్ తొక్కుతూనే ఉంటాను కదా, అది వ్యాయామం కాదా అని నేను వాదించాను. "కాళ్లు కదిలితే చాలదే, మనిషి కదలాలి" అన్నావు. అప్పటికి నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. మర్నాడు తెల్లవారేసరికి మా గుమ్మంలో నిలబడ్డావు! నా చిరునామా ఆస్పత్రి చీటీలోంచి తీశావట. అలా చెయ్యకూడదని తెలిసీ తీశావు.

బస్సు డిపో గోడ చుట్టూ పరుగు. మొదటిరోజు రెండో దీపస్తంభం దగ్గరే చతికిలబడ్డాను. డ్రైవర్లు పళ్లు తోముకుంటూ మనల్ని చూసి నవ్వారు. నాలుగో రోజు బావగారు నీకోసం వెతుక్కుంటూ వచ్చి, మీరిద్దరూ ఎవరిమీద కోపంతో పరిగెడుతున్నారు, నాకు చెబితే నేనూ వాణ్ని తిడతాను కదా అన్నారు. కరెంటు స్తంభాలు చకచకా ఎక్కే మనిషి, నేలమీద మాత్రం నత్త. తర్వాత స్టాప్‌వాచీతో గడియారాల మేస్త్రి, ఆ తర్వాత బేకరీ ఆలుమగలు. అంతే, ఆరుగురం. డిపో వాచ్‌మన్ రోజూ గేటు పుస్తకంలో "ఆయాసం వాళ్లు వచ్చారు" అని రాసేవాడు. అదే మన పేరైంది.

నియమం ఒక్కటే పెట్టావు నువ్వు. వెనకబడ్డవాళ్లని ఒంటరిగా వదలకూడదు. ఆ పని బావగారు తీసుకున్నారు. అందరికంటే చివర వచ్చేవాడు కాబట్టి నేను "తోక బావ" అని ఏడిపించేదాన్ని. తోక లేకపోతే ఈగలెవరు తోలుతారు మరదలా అనేవారు.

బేకరీ ఆమెకు పుట్టిన బిడ్డ దక్కకుండా పోయిన సంవత్సరం నీకు గుర్తుందా? ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె పక్కన నడుస్తూ బావగారు రోజూ కాకుల గురించి చెప్పేవారు. ఏ స్తంభం మీద ఏ కాకి గూడు కట్టింది, దేనికి తనంటే పడదు, ఏది తన టోపీ ఎత్తుకుపోయింది. ఒకనాడు డిపో మలుపులో ఆమె పకపకా నవ్వింది. ముందున్న మనమంతా ఆగిపోయి వెనక్కి తిరిగాం. ఆ పేజీ రాసేటప్పుడు నేను చాలాసేపు ఏడ్చాను.

పదో ఏడు వచ్చేసరికి నలభైమందిమి అయ్యాం. నేను కార్యదర్శిని. పరుగుకు ఒక మైదానం కావాలని మునిసిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. చివరికి అక్కడి ఆఫీసరు, మీ వార్షికోత్సవం పరుగు చూసి నిర్ణయిస్తానన్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. పత్రికవాళ్లని పిలిచాను. మొదటి ఆరుగురం చేతులు పట్టుకుని ఒక్కసారే ముగింపు గీత దాటాలని, అదే ఫోటోగా రావాలని పట్టుపట్టాను. ఆరు ఎర్ర బనియన్లు నా చేత్తోనే కుట్టాను.

ఆ పొద్దున నువ్వు బల్ల వేసుకుని అందరికీ బీపీ చూశావు. బావగారికి నూట డెబ్బై ఉంది. రెండోసారి చూసినా అంతే. నువ్వు పరిగెత్తొద్దని గట్టిగా చెప్పావు. నడిచి వస్తానని ఆయన నీ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. "దీన్ని కొంచెం చూసుకోండి, తొందరపెడుతుంది" అని ఆయనతో నన్ను చూపించి నవ్వావు కూడా. తర్వాత మందులపెట్టె తీసుకుని ముగింపు గీత దగ్గరికి వెళ్లిపోయావు.

మిగతాది నీకు తెలిసిందే. నీళ్ల ట్యాంకు దగ్గర నేను వెళ్లేసరికి ఆయన పడిపోయి ఉన్నారు. ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

ఆ వరండాలో నువ్వు గోడకానుకుని, "నూట డెబ్బై. నా కళ్లతో చూశాను. చూసి కూడా పంపాను" అన్నావు. అదే మాట మళ్లీ మళ్లీ. నీ భుజాలు పట్టుకుని నీ తప్పేం లేదక్కా అన్నాను. అంతకంటే ఇంకొక్క మాట అనలేదు. నెల తిరక్కుండా బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయావు. సంఘం మీద కోపంతో వెళ్లిందని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మైదానం ఇచ్చారక్కా. అరవైమంది ఉన్నాం ఇప్పుడు. నేను మాత్రం పరిగెత్తడం మానేశాను. ప్రతి ఆదివారం వెళ్లి, నీళ్ల డబ్బాలు సర్ది, చప్పట్లు కొట్టి వచ్చేస్తాను. షుగర్ మళ్లీ పెరిగింది. మాత్రలు మానేశావా అని మా ఆయన అడుగుతాడు. మానలేదని చెబుతాను, కానీ మానేశాను. ఎందుకు మింగాలో తోచడం లేదు. ఎవరైనా ఎడమచెయ్యి తడుముకుంటే చాలు, చేతిలో పని వదిలేసి దగ్గరికి వెళ్లిపోతాను. మొన్న ఒక పెద్దాయన గడియారం సరిచేసుకుంటే, అయ్యా కూర్చోండి కూర్చోండి అని కేకలు పెట్టాను. జనం నన్ను వింతగా చూశారు.

నువ్వు మళ్లీ ఆస్పత్రి డ్యూటీకి వెళ్లాలక్కా. వేళకు తినాలి. మీ అమ్మాయి బెదిరిపోయి ఉంది. నాకోసం కాకపోయినా దానికోసం. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నాలుగు ఉత్తరాలూ సరిగ్గా ఇక్కడే చింపేశాను.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. మూడేళ్ల కిందట డాక్టరుకీ, పోలీసులకీ, నీకూ చెప్పిందే మళ్లీ రాశాను. నేను వెళ్లేసరికి బావగారు పడిపోయి లేరు.

ఆయన నీకిచ్చిన మాట ప్రకారం నడిచే వస్తున్నారు. మేము నలుగురం చివరి మలుపులో ఆగి ఎదురుచూస్తున్నాం. ఆలస్యమవుతోందని నేను వెనక్కి పరిగెత్తాను. నీళ్ల ట్యాంకు గట్టుమీద కూర్చుని ఉన్నారు. మొహం నిండా చెమట. "మరదలా, ఎడమచెయ్యి లాగేస్తోంది. మీ అక్కకి ఫోన్ చెయ్యి" అన్నారు. ఫోన్ నా నడుముకున్న సంచిలోనే ఉంది. అంబులెన్స్ నీ పక్కనే నిలబడి ఉంది, కిలోమీటరు దూరంలో.

నేను ఫోన్ చెయ్యలేదు. "అక్కకి చెబితే ఇక్కడితో ఆపించేస్తుంది. ఆఫీసరు గీత దగ్గర నిలబడి ఉన్నాడు బావా. నటించకుండా లేవండి" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. సరేలే, నీ ఫోటో చెడగొట్టడం దేనికి అని లేచారు. చెయ్యి పట్టుకుని పరిగెత్తించాను. రెండు వందల అడుగులు కూడా వెయ్యలేదు. పడిపోయాక చేశాను ఫోన్.

నువ్వు నడవమన్నావు, ఆయన నడిచారు. నీ లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ చేతులు వణకాల్సిన అవసరం లేదు.

క్షమించమని అడగను. మీ అమ్మాయికి కూడా ఇది చదివి వినిపించు. ఎక్కడికి వచ్చి ఎవరిముందు చెప్పమంటే అక్కడికి వచ్చి చెబుతాను.

దీన్ని కూడా చింపేస్తానని నాకు తెలుసు. అందుకే గడియారాల మేస్త్రిని పిలిపించి, ముందే అంతా చెప్పేశాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కాగితం కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఇచ్చేస్తున్నాను.