పాప ఉన్న ఊరికి బదిలీ కోరుతూ

ఆళ్లగడ్డ,
12-7-1983

నంద్యాల కాలువల ఇంజనీరు గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: మైదుకూరు సెక్షన్ నుంచి ఆళ్లగడ్డ సెక్షన్‌కు నన్ను బదిలీ చేయుట గురించి.

మైదుకూరులో పదకొండేండ్లుగా కాలువ తూము తలుపులు ఎత్తుతూ దించుతూ ఉన్న లస్కరు ఏలీయా సవినయంగా మనవి చేసుకొనునదేమనగా:

1. నా భార్య మరియమ్మ నాలుగేండ్ల కిందట కామెర్లతో చనిపోయినది. అప్పటికి మూడేండ్లున్న మా కూతురు సువార్తను ఆళ్లగడ్డలో మా అత్త శాంతమ్మ పెంచుచున్నది.

2. పాపను నా దగ్గరికి పంపమంటే అత్త పంపలేదు. కోపమొచ్చి కడప కోర్టులో కేసు వేసితిని. తండ్రి ఉన్నచోటే బిడ్డ ఊరని నా నమ్మకం. బిడ్డ ఉండేది కర్నూలు జిల్లాలో, కనుక ఈ కోర్టుకు విచారణాధికారమే లేదని అత్త వకీలు అడ్డం తిరిగినాడు. పాప పుట్టింది కడపలో, పేరున్నది నా రేషను కార్డులో అని నా వకీలు వాదించినాడు. అవి లెక్కకు రావు, బిడ్డ మామూలుగా నివసించే చోటే లెక్క అని జడ్జిగారు పాపనే పిలిపించినారు.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"ఆళ్లగడ్డ సార్. బడి గూడా ఆడనే."

"మరి మైదుకూరు?"

"అది మా నాయన ఊరు సార్. చుట్టం మాదిరి పోయొస్తాంటా."

కాగితాలు నా చేతికే తిరిగొచ్చినవి. కావాలంటే కర్నూలులో వేసుకొమ్మన్నారు. జడ్జిగారి మాటలో తప్పు లేదు. చుట్టం అన్న మాట వింటూనే కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చితిని.

3. కోర్టు మెట్ల మీద అత్త నన్ను ఆపినది.

"ఏందప్పా, ఇంక కర్నూలికి గూడా పోతావా? బిడ్డనేమన్నా దాచిపెట్టినానా? నువ్వు కాలువ మీదికి పోతే దానికి అన్నం పెట్టేదెవరు? నువ్వే ఈడికి రా. సంగటి ముగ్గురికీ కెలుకుతా."

ఆలోచించగా, కేసును కర్నూలికి మోసేకంటే పాప ఊరికి నేను పోవుటే సులువని తోచినది.

4. ఆళ్లగడ్డ లస్కరు ఓబయ్యది మైదుకూరు పక్క పల్లె. నా చోటికి వచ్చుటకు ఆయన ఇచ్చిన సమ్మతి పత్రం జతచేయడమైనది. కాలువ అదే, నీళ్లూ అవే. సర్కారుకు నష్టం లేదు.

కావున తమరు దయతో ఈ నాలుగు ముక్కలు చిత్తగించి, బదిలీ ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు,
ఏలీయా, కాలువ లస్కరు

తా.క.: సెలవు పెట్టి ఇప్పుడు ఆళ్లగడ్డలోనే ఉన్నాను సార్. ఈ పొద్దు పాపకు మొదటిసారి జడ వేసితిని. వంకరపోయినది, బడికి ఆలస్యమైనది. అయినా గుమ్మం దాటుతూ "రేపు గూడా నువ్వే ఎయ్యి నాయనా" అన్నది. నా సెలవు శనివారంతో సరి.