చిన్న కడియం

జ్యేష్ఠ బహుళ తదియ, గురువారం

కాలేజీలో మేష్టారు ఏడాది పొడుగునా వర్తకం మీద ఉపన్యాసాలిచ్చినా నాకు ఆవగింజంత ఆశ పుట్టలేదు. ఇవాళ పలాస షావుకారు ఒక్క పూటలో పుట్టించాడు.

మా తోట కొబ్బరికాయలు బండికెత్తుకుని అయ్యా నేనూ వెళ్లాం. షావుకారు ప్రతి కాయనీ ఇనప కడియంలో దూర్చి చూస్తాడు. దూరితే చిన్న కాయ కింద లెక్క, సగం ధరే. ఈసారి మంచి కాయలు కూడా ఇట్టే దూరిపోయాయి.

"కడియం పెద్దదైంది" అన్నాను.

షావుకారు అందరి ముందూ నవ్వాడు. "ఏటి అప్పన్నా, నీ కొడుకు బీయే సదువుతున్నది నా కడియం కొలవడానికా?"

అయ్య తల దించుకున్నాడు. అది నేను చచ్చినా మరవను.

తిరుగుదారిలో కమ్మరి కొలిమి దగ్గర బండి ఆపించి, షావుకారు దానికన్నా చిన్న కడియం చెయ్యమన్నాను. షావుకారు కొట్టుకి ఎదురుగానే కొట్టు పెడతాను. మా ఉద్దానం తోటల కాయ ఒక్కటి కూడా వాడి గడప తొక్కకూడదు. వాడు ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి, నేను చూడాలి.

ఇంటికొచ్చాక అయ్య అడిగాడు. "యాపారం మీద ఇష్టమా, ఆడి మీద కోపమా?"

"కోపమే."

"సరే. ఆడి కొట్టు మూతపడ్డాక నీ కడియం ఎంత పెద్దదవుద్దో సూస్తాను."

అయినా రేపు కమ్మరి దగ్గరికి వెళ్లి కడియం తెచ్చుకుని తీరతాను.